నాలుగో రాత్రి లాంతరు

మా వంటగదికీ హాలుకీ మధ్య గోడలో ఒక అలమర ఉంది. పై అరలో ఆవకాయ జాడీలు, కింది అరలో నా లాంతర్లు. మొత్తం నాలుగు. ఇంటికొచ్చిన చుట్టాలు జాడీల సంగతి అడుగుతారు గాని లాంతర్ల సంగతి అడగరు. పొరపాటున ఎవరైనా అడిగితే నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ జవాబు చెప్పేస్తుంది. "ఈయనకి తుఫాను రావాలని ఉంటుందండీ. రాకపోతే ఇవన్నీ ఎప్పుడు వెలిగించుకుంటారు?"

నాకలాంటి కోరికేమీ లేదు. ఒకసారి వచ్చింది, చాలు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ మా విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. ఒమన్ వాళ్ళు పెట్టిన పేరు, ఒక పిట్ట పేరు. పేరుకి పిట్టే గాని గాలి గంటకి 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. మా వీధిలో చెట్టన్నది నిలవలేదు. కరెంటు స్తంభాలు పడుకున్నాయి. మేం మూడో అంతస్తులో ఉంటాం. మోటారు తిరగదు కనుక నీళ్ళు లేవు, లిఫ్టు లేదు, రెండోరోజుకి ఫోను కూడా లేదు.

మొదటి రాత్రి ఇన్వర్టరు కాపాడింది. ఫ్యాను వేసుకుని మరీ పడుకున్నాం, ఆ తెలివితక్కువతనం మర్నాడు గాని తెలియలేదు. రెండో రాత్రి టీవీ వెనక నాలుగేళ్ళుగా ప్లగ్గుకి తగిలించి ఉంచిన ఎమర్జెన్సీ లైటు తీశాను. ఒక్కసారి మిణుక్కుమంది. అంతే. దాని ఆయుష్షంతా టీవీ వెనకే అయిపోయిందన్నమాట. మూడో రాత్రి కొవ్వొత్తులు. పగిలిన కిటికీలోంచి గాలి కొట్టి అవి ఆరిపోతుంటే, చున్నీ అంటుకుంటుందేమోనని పిల్ల వెనకాలే తిరగడంతో సరిపోయింది.

నాలుగో రాత్రి కింది ఇంటి గార్డు గారు మెట్లెక్కి వచ్చారు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఒక చేతిలో అరిగిపోయిన ప్లాస్టిక్ లాంతరు, రెండో చేతిలో కవరులో చుట్టిన మూడు పెద్ద సెల్లులు. మా ఎదురుగానే సెల్లులు వేసి, మూత తిప్పి, మెట్ల మధ్య గచ్చు మీద పెట్టారు. పక్కింటివాళ్ళూ, పై ఇంటివాళ్ళూ, మేమూ, అందరం దాని చుట్టూ చేరిపోయాం. ఎవరో అటుకులు తెచ్చారు. సెల్లులు విడిగా ఎందుకు ఉంచారని అడిగాను.

"లోపలుంచేస్తే కారిపోతాయి బాబూ. ఇంకోటి, లైటెంత ఎలుగుతాదని కాదు సూడాల్సింది. ఎన్ని రాత్రులు ఎలుగుతాదో సూడాల."

ఆ మాట పట్టుకునే ఈ అలమర నింపాను. పదేళ్ళలో కొన్నవీ, పారేసినవీ కలిపితే డజను దాటాయి. వాటితో పడిన తంటాల్లోంచి తేలిన నాలుగు ముక్కలు చెబుతాను.

ముందు ఎల్ఈడీ సంగతి. హుద్‌హుద్‌కి సరిగ్గా అయిదు రోజుల ముందు, అక్టోబరు 7న, ఆ ఏటి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు. జపాన్‌లో పుట్టిన ముగ్గురికి వచ్చింది: ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా. నీలి రంగు ఎల్ఈడీ కనిపెట్టినందుకు. ఎరుపూ ఆకుపచ్చా అంతకుముందే ఉన్నాయి. నీలం లేకపోవడం వల్లే తెల్లని వెలుగు రాలేదు. ఇప్పుడు మన ఇళ్ళలో వెలిగే తెల్ల ఎల్ఈడీల్లో చాలామట్టుకు నీలి దీపం మీద పసుపుపచ్చ పూత పూసినవే. పాత టార్చి బల్బు సెల్లు మింగి వేడి కక్కేది, మిగిలిన కాస్త వెలుగిచ్చేది. ఎల్ఈడీ అంతే శక్తితో పదింతల వెలుగిస్తుంది. ఆ వారం పేపర్లో ఆ వార్త చదివి పక్కన పడేసినవాణ్ణి, మరో వారానికి చీకట్లో కూర్చుని తలుచుకున్నాను.

ఇక పెట్టె మీది అంకెలు. వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు. ఒక కొవ్వొత్తి సుమారు పన్నెండు ల్యూమెన్లు. గదిలో నలుగురు కూర్చుని అన్నం తినడానికి వంద చాలు, అర్ధరాత్రి బాత్రూముకి వెళ్ళడానికి పది చాలు. అంగడివాడు మాత్రం వెయ్యి అంటాడు. వెయ్యి ల్యూమెన్ల లాంతరు కళ్ళలోకి కొడుతుంది, బ్యాటరీ తాగేస్తుంది.

ఒక చిన్న లెక్క. చార్జింగు లాంతర్లలో ఎక్కువగా ఉండేది బొటనవేలంత లావు లిథియం సెల్లు. పద్దెనిమిది మిల్లీమీటర్ల లావు, అరవై అయిదు పొడుగు. అందుకే దాన్ని 18650 అంటారు. 3.7 వోల్టులు, 2200 మిల్లీ ఆంపియర్ అవర్లు అని రాసి ఉంటే ఆ రెండూ గుణించండి. ఎనిమిది వాట్ అవర్లు వస్తుంది. ఒక వాటుకి దగ్గరదగ్గర వంద ల్యూమెన్లు అనుకుంటే, వంద ల్యూమెన్లతో ఎనిమిది గంటలు. మూడు వందలతో అయితే రెండున్నర గంటల పైన కాస్త. అదే పెట్టె మీద "300 ల్యూమెన్లు, 24 గంటలు" అని ఉందనుకోండి, దానికి అలాంటి సెల్లులు తొమ్మిది కావాలి. లోపల ఉన్నది ఒకటి. మరి ఆ ఇరవై నాలుగు గంటలు ఎక్కడినుంచి వచ్చాయి?

అబద్ధం కూడా కాదు, అదీ తమాషా. టార్చీలకి అమెరికాలో ఎఫ్ఎల్1 అని ఒక ప్రమాణం ఉంది, లాంతర్లు చేసే మంచి కంపెనీలు కూడా అదే పాటిస్తాయి. దాని ప్రకారం వెలుగు మొదట ఉన్నదాంట్లో పదో వంతుకి పడిపోయేదాకా ఎంతసేపైతే అంతసేపూ వెలిగినట్టే లెక్క. మూడు వందలతో మొదలై ముప్పైకి చేరేదాకా గడియారం తిరుగుతూనే ఉంటుంది. భోజనానికి పిలిచి విస్తట్లో మెతుకులు మిగిలినంతసేపూ విందు సాగినట్టే అన్నట్టు. ఏ ప్రమాణమూ పాటించనివాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అందుకని ఒక సంక్రాంతి సెలవుల్లో నా పరీక్ష నేనే పెట్టుకున్నాను. సాయంత్రం ఏడింటికి నాలుగు లాంతర్లూ వెలిగించి, హాల్లో లైట్లు తీసేసి, గంటగంటకీ క్యాలెండరు వెనక రాసుకున్నాను. వెలుగు కొలిచే పరికరం మా అమ్మ. ఎనభై ఏళ్ళ మనిషి, చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. మెరికలు కనబడినంతసేపూ లాంతరు పాసైనట్టు.

లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న పాతకాలపు ఎమర్జెన్సీ లైటు (మళ్ళీ కొన్నాను, పట్టుదల కొద్దీ) ధాటిగా మొదలుపెట్టింది. ఆరు వోల్టుల బ్యాటరీ ఒక్కటే ముప్పావు కిలో ఉంటుంది, ఎత్తుకు తిరగడం కష్టం. అది చవక, రిపేరు సులువు. కాని ఖాళీగా వదిలేస్తే రేకుల మీద సల్ఫేటు పేరుకుని చచ్చిపోతుంది, ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచితే ఉడికి ఉబ్బుతుంది. పసిపిల్లలా చూసుకోవాలి. మనం చూసుకోం.

లిథియం సెల్లుదీ, పెద్ద సెల్లులదీ స్వభావాలే వేరు. నా దగ్గరున్న లిథియం లాంతరు ఏడింటికి ఎలా వెలిగిందో ఒంటిగంటకీ అలాగే వెలిగింది, తర్వాత చెప్పాపెట్టకుండా ఆరిపోయింది. లోపలి సర్క్యూటు కరెంటుని ఒకే తీరున అందిస్తుంది, సెల్లు అడుగంటగానే కోసేస్తుంది. సెల్లుల లాంతరు అలా కాదు. తొమ్మిదింటికే కాస్త తగ్గింది, పదకొండుకి ఇంకాస్త, తెల్లవారి లేచి చూస్తే మిణుగురు పురుగులా ఇంకా వెలుగుతూనే ఉంది. చిన్నప్పుడు నీరసించిన సెల్లులు ఎండలో పెట్టి మళ్ళీ వేసేవాళ్ళం గుర్తుందా, ఆ ప్రాణం అలా ఊగిసలాడుతుంది. పరీక్షలో లిథియం గెలిచింది. కాని తుఫాను రాత్రి నన్ను ఏది కావాలని అడిగితే, పోయే ముందు చెప్పి పోయేదే కావాలంటాను. ఎంత చార్జి మిగిలిందో చుక్కల్లో చూపించే లిథియం లాంతరైతే ఆ తగువే లేదు, పది శాతం ఎక్కువ పెట్టి అదే కొనండి.

పెద్ద సెల్లులకి ఇప్పుడొచ్చిన చిక్కు, కిరాణా కొట్లో అవి దొరకడం తగ్గింది. గోడ గడియారాల పుణ్యమా అని పెన్సిల్ సెల్లులు మాత్రం అన్ని వీధుల్లోనూ ఉన్నాయి. పెన్సిల్ సెల్లులతో నడిచే లాంతరు ఒకటి ఇంట్లో ఉండటం మంచిది. గార్డు గారు చెప్పినట్టు సెల్లులు బయట, కవర్లో.

నాలుగోది సోలారు. నెత్తిన అరచేయంత పలక ఉంటుంది. దాన్ని అందరూ ఎగతాళి చేస్తారు, నేనూ చేశాను. అర వాటు పలక, మంచి ఎండ అయిదు గంటలు తగిలితే రెండున్నర వాట్ అవర్లు. సెల్లులో మూడో వంతు కూడా నిండదు. అయితే ఆ మూడో వంతే వంద ల్యూమెన్లతో రెండు గంటల పైన వెలుగుతుంది, అంటే వంటా భోజనమూ అయిపోతాయి. పైగా తుఫాను వెళ్ళిన మర్నాడు కాసే ఎండ సంగతి మాకు తెలుసు. చెట్లన్నీ పడిపోయాక విశాఖలో కాసిన ఆ ఎండకి గొడుగు లేకుండా వీధిలోకి రాలేకపోయాం. రోజూ అంతో ఇంతో సంపాదించుకొచ్చే లాంతరు అదొక్కటే.

రంగు గురించి అమ్మ తీర్పు నాకు మించినది. పాలలాంటి తెల్ల లైటు దగ్గర తోటకూర పప్పు పెడితే, "ఇదేమిట్రా, కూర పాచిపోయినట్టు కనబడుతోంది" అంది. పసుపు లైటు దగ్గర పెడితే తినేసింది. రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపడం అన్ని ఎల్ఈడీలకీ చేతకాదు. కొనేటప్పుడు మీ అరచెయ్యి దాని కింద పెట్టి చూడండి. మనిషి చెయ్యిలా కనిపిస్తే మంచి లైటు. పసుపు వెలుగుకి ఇంకో గుణం, పురుగులు తక్కువ మూగుతాయి. వానాకాలంలో ఆరుబయట అన్నం తిన్నవాళ్ళకి ఈ గుణం విలువ తెలుస్తుంది.

ఆరుబయట అంటే గుర్తొచ్చింది. వంజంగి కొండ మీద మబ్బులు చూడ్డానికి కుర్రాళ్ళు గుడారాలు వేసుకుని పడుకుంటున్నారు. మా అబ్బాయీ వెళ్ళాడు. వాడికి నేనిచ్చిన లాంతరుకి కొక్కెం ఉంది, గుడారం నడినెత్తిన తగిలించుకోవచ్చు. ఐపీఎక్స్4 అని రాసి ఉంది, అంటే ఎటునుంచి తుంపర కొట్టినా తట్టుకుంటుంది. నీళ్ళలో ముంచితే మాత్రం నాకు తెలియదనే అర్థం. చలికి లిథియం సెల్లు కాస్త మొద్దుబారుతుంది, రాత్రి రగ్గులో పెట్టుకోమన్నాను, వాడు నవ్వాడు. రాత్రి పూట పొలానికి నీళ్ళు పెట్టే రైతుకి లాంతరు పనికిరాదు. అతనికి పాము కనబడాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. తలకి కట్టుకునే లైటే అతనిది. లాంతరన్నది నలుగురు కూర్చున్న చోట పెట్టుకునేది.

ఫోనులో లైటుంది కదా అంటారు. ఉంది. దానిమీద నీళ్ళ సీసా నిలబెడితే లాంతరులా గదంతా పరుచుకుంటుంది కూడా. కాని తుఫానులో ఫోను చార్జి మాట్లాడటానికి దాచుకోవాలి. హుద్‌హుద్ తర్వాత జనరేటరున్న కొట్ల ముందు చార్జరు చేత్తో పట్టుకుని వరసలో నిలబడిన రోజులు నేను మర్చిపోలేదు. ఆ మాటకొస్తే చార్జరు చూసుకునే లాంతరు కొనాలి. ఫోను తీగే దానికీ సరిపోవాలి. సన్న పిన్నుతో విడిగా ఒక చార్జరు ఇచ్చారంటే, ఆ పిన్ను పోయిన రోజే లాంతరు కూడా పోయినట్టు. నావి రెండు అలాగే పోయాయి.

ఇన్ని చెప్పినా నాకొక సంగతి కొరుకుడు పడదు. మా మామ్మ వాళ్ళింట్లో రేకు హరికేన్ లాంతరు ఉండేది. పేరులోనే తుఫాను. అది ఎప్పుడూ అవసరానికి వెలగకపోవడం నేనెరగను. మామ్మ రోజూ సాయంత్రం చీకటి పడకముందే వసారాలో కూర్చుని, చిమ్నీ ఊడదీసి, బూడిదతో, పాత పంచె ముక్కతో మసి తుడిచేది. ఒత్తి కొస కత్తిరించేది. కిరసనాయిలు ఎంతుందో ఊపి చూసేది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు గాని, ఆవిడ వెలుతురుండగానే దీపాన్ని చక్కబెట్టుకునేది. ఆ లాంతరు గొప్పతనమల్లా అదే, రోజూ ఎవరో ఒకరు ముట్టుకోక తప్పనిది. నా ఎమర్జెన్సీ లైటుని నాలుగేళ్ళు ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవాల్సిన పని అది పెట్టలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నెలకొకసారి, అమావాస్య రాత్రి, నాలుగు లాంతర్లూ కిందికి దిగుతాయి. గంటసేపు వాటి వెలుగులోనే భోజనాలు. తర్వాత చార్జింగుకి. మా ఆవిడ మొదట్లో నవ్వేది, ఇప్పుడు తేదీ ఆవిడే గుర్తు చేస్తోంది. గార్డు గారు లేరు. ఆయన లాంతరు వాళ్ళబ్బాయి మాకే ఇచ్చేశాడు. గాజు పక్కన చిన్న బీట ఉంది, వెలుగుతోంది.

మీ ఇంట్లోనూ ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. ఈ రాత్రి దాన్ని తీసి వెలిగించి, ఎన్నింటికి ఆరిందో ఒక కాగితం మీద రాసి దానికే అంటించండి. మా వైపు తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయి.