నాలుగో ఏడాది చదువు మనకెందుకు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం ఐదుగురం పాడేరు ఏజెన్సీ పిల్లలం. ఆరో సెమిస్టర్ పరీక్షలు రాసేశాం. "మూడేళ్లు చాల్లేదా? మళ్లీ ఈ రీసెర్చి ఏంటి? గ్రూప్స్‌కి చదువుకోండి" అని ఇంట్లో అంటున్నారు. వాళ్ల బాధ వాళ్లది. మా మాట కూడా వినండి.

మొదటి ఏడాది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి మా ఊళ్లో పోడు భూముల మీద సర్వే చేశాం. కాలేజీలో ఇచ్చిన ప్రశ్నలు పట్టుకుని ఒక తాత దగ్గర కూర్చున్నాం. తెలుగులో ఏది అడిగినా "ఆఁ, అవును" అన్నాడు. పావుగంటలో ఫారం నిండిపోయింది. సాయంత్రం ఫారం పక్కన పెట్టి మన భాషలో మాట్లాడితే, ఏ కొండ వాలు ఎవరు కొట్టారో, ఏ చింతచెట్టు ఎవరి పెళ్లప్పుడు నాటారో రాత్రి దాకా చెప్పాడు. అందులో ఒక్క ముక్కా మేం రాసుకోలేదు. ఫారంలో దానికి గడి లేదు మరి! రిపోర్టు ఇచ్చాం, మార్కులు వేశారు, అయిపోయింది.

తర్వాత తెలిసింది. 2006 అటవీ హక్కుల చట్టం రూల్స్ ప్రకారం, అర్జీదారుడు కాని పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అది కూడా ఒక సాక్ష్యమే. పక్కింటి పెదనాన్న పట్టా అర్జీ ఆధారాలు చాల్లేదని తిరిగొచ్చింది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచే ఆయన ఆ నేల దున్నుతున్నాడని చెప్పగలిగిన తాత అప్పటికే చనిపోయాడు.

ఆ సాక్ష్యం సరిగ్గా రాయాలంటే ఒక్క సబ్జెక్టు చాలదు. చరిత్ర, చట్టం, మ్యాపు, మన భాష అన్నీ కలవాలి. అందుకే డిగ్రీలో రీసెర్చి కోర్సు కావాలంటున్నాం.

2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన ఫ్రేమ్‌వర్కులో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. రీసెర్చి తీసుకుంటే నాలుగో ఏడాదిలో 12 క్రెడిట్ల ప్రాజెక్టు ఉంటుంది. దానికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం రావాలి. మా ఐదుగురిలో ఇద్దరికే వచ్చింది. మిగతా ముగ్గురికి తెలివి లేక కాదు, మొదటి సెమిస్టర్లో పాఠం అర్థమయ్యేసరికి పరీక్షలే అయిపోయాయి. పోనీ ఆ ఇద్దరైనా చదువుదామంటే మా కాలేజీలో ఆ కోర్సే లేదు. గైడ్ చేసే సార్లు లేరంటున్నారు. విశాఖ వెళ్లాలంటే రూము అద్దె ఎవరు కడతారు?

అందుకే ప్రిన్సిపాల్ గారికి అర్జీ రాశాం. మూడు మాటలే అడిగాం. నాలుగో ఏడాది రీసెర్చి ఏజెన్సీ కాలేజీల్లోనే పెట్టాలి. మూడో ఏడాదిలో 75తో పనిలేకుండా అందరికీ ఒక పేపరు ఉండాలి. ప్రశ్న ఎలా అడగాలి, అనుమతి ఎలా తీసుకోవాలి, విన్నది ఎలా రాయాలి అన్నవి అందులో నేర్పాలి. రాసిన రిపోర్టు ఊళ్లో గ్రామసభ ముందు చదివి వినిపించాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మొదటి సెమిస్టర్ మార్కులు కూడా లెక్కలోకి వస్తాయి, తేలిగ్గా తీసుకోకండి. కోర్సు వచ్చేదాకా ఆగకండి కూడా. ఈసారి సెలవులకు ఇంటికెళ్తే ఒక నోటుబుక్కు పట్టుకెళ్లండి. తాతని, అవ్వని మన భాషలోనే అడగండి. చెప్పిన తేదీ, చెప్పినవాళ్ల పేరు కింద రాయండి.

మేం ఆ ఒక్క సాయంత్రం పోగొట్టుకున్నాం. మీరు పోగొట్టుకోకండి.