లండన్ వెళ్లిన యజమాని, రోడ్డున పడ్డ రోమియో

మీ ఇంట్లో పదేళ్లలోపు పిల్లలుంటే ఆదివారం మధ్యాహ్నం పేచీ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. 'కుక్కల సినిమా పెట్టు' అని కూచుంటారు. మనం పెట్టేవి ఎక్కువగా అమెరికా కుక్కల సినిమాలు. అచ్చంగా మన దేశపు వీధుల్లో తిరిగే కుక్కల మీద కూడా ఒక బొమ్మల సినిమా ఉంది. ఇవాళ దాని గురించి చెప్పుకుందాం.

పేరు 'రోడ్‌సైడ్ రోమియో'. 2008 అక్టోబరు 24న, సరిగ్గా దీపావళి ముందు వచ్చింది. యశ్‌రాజ్ వాళ్లూ డిస్నీ వాళ్లూ కలిసి తీశారు. 'మాసూమ్'లో పసివాడిగా మనందరి కళ్లూ తడి చేసిన జుగల్ హన్స్‌రాజ్ దర్శకుడు. రోమియోకి సైఫ్ అలీఖాన్, లైలాకి కరీనా కపూర్ గొంతులిచ్చారు. ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం కూడా అందుకుంది. అన్నట్టు, 2006 సంవత్సరానికి అదే పురస్కారం మన తెలుగు 'కిట్టు'కి దక్కింది. ఇప్పటి పిల్లల్ని అడిగి చూడండి, రెండిట్లో ఒక్కటీ చూసి ఉండరు.

రోమియో ముంబైలో ఓ పెద్ద బంగళాలో దర్జాగా పెరుగుతుంటాడు. యజమానుల కుటుంబం పెట్టే బేడా సర్దుకుని లండన్ వెళ్లిపోతుంది. కుక్క మాత్రం రోడ్డున పడుతుంది. కథ అక్కడ మొదలవుతుంది.

హైదరాబాద్ మియాపూర్‌లో ఉండేవాళ్లకి ఇది కల్పితంలా అనిపించదు. ఆన్‌సైట్, అంటే కంపెనీ తరఫున విదేశంలో పని, ఖాయమైందంటే ఇంట్లో పండగే. కారు అమ్ముతారు, ఫ్రిజ్ చుట్టాలకిస్తారు, సోఫాకి బేరం కుదురుస్తారు. కుక్క సంగతి చివరి వారం దాకా ఎవరికీ గుర్తు రాదు. మా వీధి మొదట్లో చికెన్ షాపు దగ్గర ఓ ల్యాబ్రడార్ కొన్నాళ్లు తిరిగింది. బెల్టు ఉన్నచోట వెంట్రుకలు అరిగిపోయి, మెడ చుట్టూ గుండ్రటి గీత. షాపతను ముక్క విసిరితే వీధికుక్కలు గాల్లోనే అందుకునేవి. ఇదేమో ఎదురుగా కూర్చుని ముందు కాలు ఎత్తి షేక్‌హ్యాండ్ ఇచ్చేది. ఎవరో ఎంతో ముద్దుగా నేర్పించిన విద్య అది. ఈలోపు ముక్క ఇంకో కుక్క నోట్లోకి పోయేది.

ఇలా వదిలేయడం నేరమని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో రాసే ఉంది. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. యాభైకి ఇవాళ మెట్రో స్టేషన్ బయట ప్లేటు మిర్చిబజ్జీ వస్తుంది. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మార్చకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

అందుకే ఆ మొదటి ఘట్టం చూసి నేను ఎంతో ఆశపడ్డాను. సినిమా ఆ దారిని తొందరగానే వదిలేస్తుంది. రోమియో నాలుగు మాటలు చెప్పి వీధి ముఠాని బుట్టలో వేసుకుంటాడు, వాళ్లకి జుట్టు కత్తిరించే దుకాణం పెడతాడు, లైలా వెంట పడతాడు, పాటలు పాడతాడు. రెండు కాళ్ల మీద నడుస్తాడు. లైలా నడుమూ నడకా అచ్చం మన సినిమా హీరోయిన్‌వే. ఇది పిల్లల సినిమాకి అవసరమా అంటే, లేదనే చెప్తాను. మే నెలలో నీళ్లెక్కడ దొరుకుతాయి, వానాకాలం రాత్రి ఎక్కడ పడుకోవాలి, గజ్జి పడితే ఏమవుతుంది, ఇలాంటివి పిల్లలు తప్పక అడుగుతారు. సినిమా దగ్గర జవాబు లేదు. బొమ్మల పని మాత్రం ఆ కాలానికి గట్టిదే. టాటా ఎలెక్సీ కళాకారుల చేతి పనితనం ముంబై రాత్రి వెలుగుల్లో బాగా కనిపిస్తుంది.

ఇక చార్లీ అన్న. వీధి దాదా. గొంతిచ్చిన జావెద్ జాఫ్రీ అతనితో దక్షిణాది యాసతో కూడిన హిందీ మాట్లాడించాడు. మనవాళ్లు కొందరు నవ్వుకున్నారు, కొందరు నొచ్చుకున్నారు. నాకూ నచ్చలేదు. రౌడీ అనగానే మన యాస ఎందుకు తగిలించాలి? అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ సినిమా మొత్తంలో నిజమైన కుక్క బుద్ధి ఉన్నది చార్లీ అన్నకే. ఇది నా ఇలాకా, ఇక్కడ నా మాటే చెల్లాలి అంటాడు. వీధి కుక్క బతుకంతా ఆ హద్దు మీదే నడుస్తుంది. కొత్త కుక్క వస్తే మీద పడి తరిమేస్తాయి. ఇంట్లో పెరిగిన ల్యాబ్రడార్‌కి ఆ లెక్కలు తెలియవు గనకే ముందు అదే దెబ్బ తింటుంది. పట్టుకెళ్లి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించిన కుక్కని మళ్లీ తెచ్చిన చోటే వదలాలని నిబంధన పెట్టడానికి కూడా ఈ హద్దే కారణం. ఆ చోటు ఖాళీ అయితే పక్క వీధివి వచ్చి చేరతాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని తిరిగి అక్కడే వదలమంది. నవంబరులో మాత్రం బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి వాటిని తీసేయమని, తిరిగి అక్కడ వదలొద్దని చెప్పింది.

వీధికుక్కలంటే జనానికున్న భయం ఊరికే పుట్టింది కాదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ని కుక్కలు చంపిన సంగతి ఈ ఊళ్లో ఏ తల్లీ మర్చిపోలేదు. కాబట్టి వీధి జంతువుల సినిమాలో ముద్దూ ఉండాలి, భయమూ ఉండాలి. జంతువు జంతువులాగే ఉండాలి. నేను ఇలాంటి సినిమాని తూచే తూకం ఇదొక్కటే.

అలా తీయడం మనవాళ్లకి చేతకాదా? 'లైఫ్ ఆఫ్ పై'లో పులికి ప్రాణం పోసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకి మన హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. ఇక్కడి కళాకారులూ ఆ సినిమాకి పనిచేశారు. ఆ పులి మాట్లాడదు, పాట పాడదు, చివరికి వెనక్కి తిరిగి కూడా చూడదు. 2013లో దానికి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. లాత్వియా అనే చిన్న దేశం నుంచి గింట్స్ జిల్బలోడిస్ 2024లో 'ఫ్లో' తీశాడు. వరదలో ఇల్లు పోయిన ఒక పిల్లి కథ. ఒక్క మాటా లేదు. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేశారు. అదీ ఆస్కార్ గెలిచింది. మియాపూర్ నుంచి రాయదుర్గం దాకా రోజూ క్యాబుల్లో తిరిగే కుర్రాళ్లలో బ్లెండర్ వచ్చినవాళ్లకి కొదవ లేదు. మెట్రో పిల్లర్ల కింద పడుకునే ఒక చెవి తెగిన కుక్క కథ వాళ్లలో ఎవరైనా తీస్తే చూడాలని నాకెంతో కోరిక.

అంతవరకూ నా సలహా ఇది. 'రోడ్‌సైడ్ రోమియో' ఎనిమిదేళ్లు దాటిన పిల్లలతో కలిసి ఒకసారి చూడొచ్చు. లండన్ ప్రయాణం ఘట్టం దగ్గర ఆపి వాళ్లని మాట్లాడనివ్వండి. తర్వాతి ఆదివారం 'ఫ్లో' పెట్టండి. మీ ఇంట్లోనే ఎవరికైనా ఆన్‌సైట్ వస్తే మాత్రం, వీసా కాగితాలు మొదలుపెట్టిన రోజునే కుక్కని ఎవరికి అప్పగించాలో కూడా తేల్చుకోండి.