బురదలో సైబీరియా

కార్తీకంలో నేలపట్టు వెళ్ళాలంటే గొడుగు తప్పదు. ఈశాన్య రుతుపవనాలకు ఇక్కడి చెరువులు నిండేది అప్పుడే, పిట్టలు దిగేదీ అప్పుడే. దొరవారిసత్రం దగ్గర హైవే దిగేసరికి సన్నగా తుంపర మొదలైంది.

1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించిన ఈ చెరువులో నీటి కడప చెట్లు మొదలంటా మునిగి ఉంటాయి. గూడబాతుల కాపురమంతా వాటి మీదే. వాచ్‌టవర్ ఎక్కి బైనాక్యులర్స్ సరిచేసుకుంటే, ఒక పక్షి పచ్చి రెమ్మ కరుచుకొచ్చి జతపక్షికి అందించింది. అది దాన్ని గూటి అంచున దోపింది, నచ్చలేదేమో పీకింది, ఇంకో పక్క గుచ్చింది. పైముక్కు పొడవునా ఉన్న చుక్కలు కూడా స్పష్టంగా కనిపించాయి.

చెరువు కింద మడి ఉన్న పెద్దాయన ఒకరు మాట కలిపారు. "రెట్ట కలిసిన నీళ్ళబ్బయ్యా, ఎరువు కాస్త తక్కువేసినా పైరు బాగుంటాది" అన్నారు.

టవర్ మీద అందరి నోటా ఒకటే మాట: ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయట! నిజానికి గూడబాతులు మన ఉపఖండానివే. నీళ్ళూ చెట్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి చేరి గూళ్ళు కడతాయి.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. దూరాన రాజహంసలు తలకిందులుగా ముక్కులు ముంచి మేస్తున్నాయి. కార్లన్నీ వాటి కోసమే ఆగాయి. రోడ్డంచు బురదలో తిరుగుతున్న చిన్న ఉల్లంకులను పట్టించుకున్నవాళ్ళు లేరు.

ఒక్కోటి 20-30 గ్రాముల పిట్ట. నల్లటి సన్నకాళ్ళతో పరుగెత్తుతూ, కుట్టుమిషను సూదిలా ముక్కుతో బురదను టకటకా పొడుస్తోంది. అసలు సైబీరియా చుట్టాలు ఇవీ. అక్కడి ఉత్తరపు అంచున, టండ్రా నేలల్లో గుడ్లు పొదిగి, వేసవి ముగియకముందే పెద్దవి బయలుదేరతాయి. పిల్లలు ఆ తర్వాత, దారి చూపే పెద్దలు లేకుండానే, వేల కిలోమీటర్లు ఎగిరి వస్తాయి. వీపు మీద తెల్లగీతలు ఇంకా చెరగని పిల్ల ఒకటి నా ముందే పురుగును లాగి మింగి, మళ్ళీ పనిలో పడింది.

పులికాట్ వెళ్ళేవాళ్ళు రాజహంసల కోసం పెద్ద లెన్సులు పట్టుకెళ్తే కాదనను. సైబీరియా పిట్టను చూడాలన్న సరదా ఉంటే మాత్రం కారు దిగి, కాళ్ళ దగ్గరి బురద కేసి కూడా ఓ చూపు చూడండి.