డాక్టర్ టర్నరు తప్పెంత?

దార్సైట్‌లో మన తెలుగు కుటుంబాలు నాలుగు ఒకచోట చేరితే మాటలు ఒక వరుసలో సాగుతాయి. ముందు పిల్లల మార్కులు, తర్వాత హైదరాబాదులో స్థలాల ధరలు, ఆ పైన సినిమాలు. ఈ మధ్య ఆ వరుసలో ఒక ఇంగ్లీషు సీరియల్ కూడా చేరింది. పేరు ‘కాల్ ది మిడ్‌వైఫ్’. మన మాటల్లో ‘మంత్రసానికి కబురు పెట్టండి’ అన్నమాట. మేమిద్దరం డాక్టర్లం కావడంతో, దాని మీద వాదన ముదిరినప్పుడల్లా తీర్పు చెప్పమని మమ్మల్ని కూర్చోబెడుతున్నారు. నోటితో చెబితే ఎవరూ విననివ్వడం లేదు కనుక రాసి ఇస్తున్నాం.

చూడనివారి కోసం నాలుగు ముక్కలు. బి.బి.సి. దీన్ని 2012 జనవరిలో మొదలుపెట్టింది. జెనిఫర్ వర్త్ అనే నర్సు రాసుకున్న జ్ఞాపకాల ఆధారంగా హైడీ థామస్ దీన్ని తీర్చిదిద్దారు. కథ 1957లో లండన్ తూర్పు భాగాన, రేవు కూలీలు కాపురముండే పాప్లర్ పేటలో మొదలవుతుంది. క్రైస్తవ సన్యాసినులు, నర్సులు ఒకే ఇంట్లో ఉంటూ, సైకిళ్ల మీద ఇల్లిల్లూ తిరిగి పురుళ్లు పోస్తారు. ఆ పేట డాక్టరు పాట్రిక్ టర్నరు.

మన ఆడవాళ్లకు ట్రిక్సీ అంటే ఇష్టం. ఆమె బట్టల గురించే ఒక పూట మాట్లాడగలరు. మతిమరుపుతో, కేకు మీద కన్నేసి తిరిగే సిస్టర్ మోనికా జోన్‌ను చూస్తే అందరికీ తమ తమ అమ్మమ్మలు గుర్తొస్తారు. విజిట్ వీసా మీద వచ్చిన ఒక పెద్దావిడ ఇంగ్లీషు ముక్క రాకపోయినా అన్ని భాగాలూ చూశారు. అర్థమవుతోందా పిన్నిగారూ అని అడిగితే, “పురిటికి భాషేమిటే!” అన్నారు.

పేచీ అంతా టర్నరు దగ్గరే. 2016లో వచ్చిన అయిదో విడతలో, వేవిళ్లతో బాధపడిన రోడా అనే ఆమెకు పుట్టిన పాపకు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడలేదు. కారణం ఎవరికీ తెలియదు. విడత చివరకు తెలుస్తుంది: వాంతులు తగ్గడానికి టర్నరు రాసిన డిస్టావాల్ మాత్రలు.

డిస్టావాల్ అంటే థాలిడోమైడ్. ఇది కల్పన కాదు. జర్మనీలో 1957 అక్టోబరు నుంచీ, బ్రిటన్‌లో 1958 నుంచీ అమ్మారు. నిద్రకు మంచిది, గర్భిణులకూ ప్రమాదం లేదు అని ప్రచారం. గర్భం నిలిచిన తర్వాత మూడో వారం నుంచి అయిదో వారం దాకా, శిశువు అవయవాలు రూపుకట్టే ఆ కొద్ది రోజుల్లో, ఒక్క మాత్ర పడినా చాలు. జర్మనీలో లెంత్స్, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ అనే డాక్టర్లు వేర్వేరుగా కనిపెట్టారు. 1961 చివరికి ఆ రెండు దేశాల్లోనూ మందు ఆపేశారు. అప్పటికే ప్రపంచమంతటా పదివేలకు పైగా పిల్లలు దెబ్బతిన్నారు. అమెరికాలో మాత్రం, ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి మీ రుజువులు చాలవు అని కాగితం వెనక్కి పంపుతూ పోవడంతో దానికి అనుమతే రాలేదు.

రువీలో పనిచేసే ఇంజనీరు మిత్రులొకరు టర్నరును క్షమించరు. “వంతెన కూలితే మమ్మల్ని అడగరా? మందు రాసినవాణ్ణి ఎందుకడగకూడదు?” అంటారు. లెక్కల ఉద్యోగంలో ఉన్న ఇంకొకరు, “పాపం, కంపెనీ చెప్పింది నమ్మాడు. సిమెంటులో కల్తీ ఉంటే మీ తప్పా?” అంటారు. ఇలా రాత్రి పదకొండు దాకా. అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి విన్న ఒక నర్సక్కయ్య, గుంటూరు వైపు మనిషి, ఒక్క మాటతో అందరి నోళ్లూ మూయించింది: “తెలిసిన రాత్రి ఆయనేం చేశాడో చెప్పండి ముందు.”

ఏం చేశాడు? భార్య షీలాతో కలిసి కూర్చుని పాత రికార్డులన్నీ తిరగేశాడు. ఈ మాత్రలు ఇంకెవరికి ఇచ్చాను, ఎప్పుడిచ్చాను అని వెతికాడు. ఆ సీరియల్‌లో మాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఆ కాగితాల పనే. మా తీర్పు కూడా అదే. తెలియని రోజున రాసినదానికి టర్నరు దోషి కాడు. తెలిసిన తర్వాత నా పేరు పోతుందని ఆ ఫైళ్లు తెరవకపోయి ఉంటే దోషి అయ్యేవాడు. తెరవగలిగాడంటే ఆ ఫైళ్లు ఉండబట్టి. ఎవరో ఓపికగా తేదీ వేసి, మందు పేరు రాసిపెట్టబట్టి. బ్రిటన్‌కు కూడా ఆ పాఠం అందింది. మందుల వల్ల కలిగే చెడును డాక్టర్లు రాసి పంపే పసుపు కార్డు పద్ధతి అక్కడ 1964లో వచ్చింది.

ఆ మందు చరిత్ర అంతటితో ముగియలేదు. కుష్ఠురోగుల్లో నొప్పితో, జ్వరంతో లేచే గడ్డలకు అది బాగా పనిచేస్తుందని 1964లో జెరూసలేంలో షెస్కిన్ అనే డాక్టరు గమనించారు. ఈనాడు ఒక రకం రక్త క్యాన్సరుకు కూడా వాడుతున్నారు, గర్భం రాకుండా కట్టుదిట్టాలు చేసి మరీ. మందు ఒకటే. ఎవరికి, ఎప్పుడు అన్నదే తేడా.

ఇదంతా అరవై ఏళ్లనాటి లండన్ గొడవ అనుకోకండి. ఆ మధ్య మూడో నెల గర్భిణి ఒకమ్మాయి మా దగ్గరికి వచ్చింది. ఊరి నుంచి వచ్చినవారితో అమ్మ పంపిన మాత్రలు పది రోజులుగా వేసుకుంటోందట. చూపించమంటే, పేరున్న వైపు కత్తిరించేసిన నాలుగు మాత్రల ముక్క తీసింది. చీటీ లేదు. కొన్న షాపువాడికి గుర్తులేదు. మిగతా సగం వాళ్లమ్మ బియ్యం డబ్బా మీద దొరికి, ఫోటో తీసి పంపేసరికి రెండు రోజులు పట్టింది. మామూలు వాంతుల మాత్రే. కానీ ఆ రెండు రాత్రులూ ఆ పిల్ల నిద్రపోలేదు. టర్నరుకు తిరగేయడానికి ఫైళ్లున్నాయి. మాకు బియ్యం డబ్బా ఉంది.

దేశాలు మారే మన కుటుంబాల్లో ఆవకాయ జాడీలకు ఉన్న భద్రత మందుల చీటీలకు లేదు. విజయవాడలో ఒక డాక్టరు, ఇక్కడ ఒక డాక్టరు, మధ్యలో సూట్‌కేసు. కనుక మా విన్నపం ఇది. ఇంటికో నోటు పుస్తకం పెట్టండి. ఎవరు, ఏ మందు, ఏ తేదీన మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపారో రాయండి. మాత్రలు పేరుతో సహా అట్టలోనే ఉంచండి. గర్భిణులు అడగకుండా ఏదీ మింగవద్దు, అమ్మ పంపినా సరే. ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టడానికి మొహమాటపడకండి. విసుక్కునే డాక్టరైతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.