చేని చుట్టూ జొన్న సాళ్లు

గుంటూరు నుండి ప్రత్తిపాడు, పెదనందిపాడు మీదుగా పర్చూరు పోయే దారి అంతా నల్లరేగడి. పర్చూరు ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుండి బాపట్ల జిల్లా. పైరులు మాత్రం అవే: పత్తి, మిరప, శనగ, పొగాకు. ఫిబ్రవరిలో మిరప కల్లాల ప్రక్కగా బస్సు పోతుంటే లోపల కూర్చున్నవారికి తుమ్ములు ఆగవు.

ఈ దారిన వెళ్లేవారు చేలను చూస్తారు. గట్లను కూడా చూడమని నా మనవి. కొన్ని మిరప చేల చుట్టూ రెండు మూడు సాళ్లు జొన్న గాని మొక్కజొన్న గాని ఉంటుంది. లోపల అక్కడక్కడ బంతి, పత్తిలోనైతే ఆముదం, అలసంద. బంతి, ఆముదం కాయతొలిచే పురుగును, లద్దెపురుగును తమ వైపు లాగే ఎర పైరులని అందరికీ తెలుసు. వీటికి ఇంకొక పని కూడా ఉంది. పురుగులను తినే పురుగులకు ఇక్కడే అన్నం దొరుకుతుంది.

అక్షింతల పురుగును ఎరుగని పల్లెబిడ్డ ఉండదు. నారింజరంగు వీపు, దాని మీద నల్లని వంకర గీతలు. దాని అసలు తిండి పేనుబంక. పేనుబంక దొరకని రోజుల్లో పుప్పొడి, పూతేనె తిని ప్రాణం నిలుపుకుంటుంది. జొన్న కంకి పుప్పొడినిస్తుంది. ధనియాల పూలు చిన్నవి, తేనె పైపైనే ఉంటుంది గనుక పొట్టి మూతి పురుగులకు కూడా అందుతుంది. ఆముదానికి ఆకు కాడ మీద, పత్తికి ఆకు అడుగు ఈనె మీద తేనె ఊరే గ్రంథులున్నాయి. పువ్వు విచ్చే దాకా ఆగనక్కరలేదు. అయితే గుడ్లు పెట్టాలంటే తేనె చాలదు, పేనుబంక కావాలి. ఇక్కడే జొన్న గొప్పతనం. జొన్నకు పట్టే పేనుబంక పత్తి మీద బ్రతకదు. దాన్ని తిని పెరిగిన అక్షింతల పురుగు మాత్రం పత్తిలోకి దిగుతుంది.

పర్చూరు దగ్గర ఒక పెద్దాయన ఆకు తిప్పి చూపించాడు. "ఇదేంటో చెప్పండి అయ్యగారూ." నల్లగా, బుల్లి మొసలిలా ఉంది. "అక్షింతల పురుగు పిల్లండీ. దీన్ని చూసి పైరుకు పురుగు పడిందని మందు కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు."

వంగ ఆకును గీకి జల్లెడ చేసేదాన్ని కూడా మనవారు అక్షింతల పురుగనే అంటారు. దాని వీపు మెరవదు, సన్నని నూగుతో ఉంటుంది. పేరు ఒకటైనా పని వేరు.

ఈ నేల దీనికి చాలా వెల చెల్లించింది. పత్తికి పైరిత్రాయిడ్ మందులు పదే పదే కొట్టగా తెల్లదోమను తినేవి చచ్చాయి, తెల్లదోమ విజృంభించింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్నారు. 2002లో వచ్చిన బీటీ పత్తి కాయతొలిచే పురుగు కోసమే గాని రసం పీల్చేవాటికి కాదు. 2021-22లో మిరప పూతను నల్లతామర ఊడ్చివేసినప్పుడు, ఎన్ని మందులు కొట్టినా పైరు దక్కక తోటలు దున్నేసినవారున్నారు. అక్షింతల పురుగు ఒక్కటే నల్లతామరను ఆపగలదని నేననను. పూలలో దాగి తామరపురుగులను తినే చిన్న నల్లులు వేరే ఉన్నాయి. అవి కూడా పుప్పొడి ఉన్నచోటనే నిలుస్తాయి, మందుకు అవి కూడా చస్తాయి.

2016 నుండి రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యం పేరుతో ఈ కంచె పైరులనే నేర్పుతున్నది. చెప్పడం తేలికే. కౌలు రైతుకు రెండు సాళ్ల మిరప పోవడమంటే మాటలా? జొన్న చొప్ప గేదెకు మేతవుతుంది గనుక ఇంటి ఆడవారే ముందు ఒప్పుకుంటారని ఆ పెద్దాయన నవ్వాడు. ఆయన బెంగల్లా ప్రక్క చేను గురించే. అక్కడ వారం వారం మందు కొడతారు, గాలి ఇటు వీస్తుంది. ఈ ఏడు ఆ పొరుగాయనకు ఒక శేరు జొన్న విత్తనాలు తానే ఇచ్చాడట.