కూలి లేని కొలువు

మా నివాసము బాలానగర్. 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వెలసిన పారిశ్రామిక వాడ ఇది. అబ్బా ఇక్కడనే ఒక చిన్న కార్ఖానాలో లేత్ పనివారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఈ వాడ యువకుల చూపులు హైటెక్ సిటీ వైపు మళ్ళినవి. నా చూపు కూడ అటే.

వెబ్‌సైట్ల నిర్మాణమునకు నేను నేర్చుకొన్న సాధనము పేరు జాంగో. 2003లో అమెరికాలోని లారెన్స్ పట్టణములో, ఒక దినపత్రిక కార్యాలయమున ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ దీనిని ఆరంభించారు. 2005లో దీని మూలరచనను లోకమునకు విడిచిపెట్టారు. ఎవరైనను దానిని చదువవచ్చును, వాడుకొనవచ్చును, దిద్ది పంపవచ్చును. అందలి సందేశములు అనేక భాషలలో కలవు. తెలుగు ఉన్నది, ఉర్దూ ఉన్నది. తెలుగులోనికి రాని వాక్యములు కొన్ని కనిపించగా ఆ పని చేపట్టాను.

"ఎంత ఇస్తారు బేటా?" అని అబ్బా అడిగారు.

"ఏమీ ఇవ్వరు అబ్బా."

"మరి కరెంటు బిల్లు వాళ్ళు కడతారా?"

చెల్లెలి ఫీజు కట్టవలసిన నెల అది. నాకు జవాబు దొరకలేదు.

ఆ సందేశములలో, యంత్రము స్వయముగా అంకెను నింపుకొనుటకు శాతపు గుర్తుతో ఒక ఆంగ్లపదము ఉంటుంది. నేను ఆ పదమును కూడ తెలుగు చేసి పంపాను. పరీక్షలో అది తప్పినది. ఏ దేశస్థుడో తెలియని ఒక పరిశీలకుడు, ఆ గుర్తును ముట్టవద్దని మర్యాదగా వ్రాసి తిప్పి పంపాడు. సిగ్గుతో పని మానుకొందునని అబ్బాతో అన్నాను.

"డ్రాయింగులో ఉన్న కొలత మనది కాదు, మార్చకూడదు. నునుపు మాత్రమే మన చేతిది. ఉస్తాద్ పీసు వెనక్కి ఇచ్చాడంటే, మళ్ళీ చేసి తెస్తావని నమ్మాడన్న మాట" అన్నారు.

మరల కూర్చున్నాను. మీట మీద మనిషి యంత్రమును ఆజ్ఞాపించును గనుక 'తొలగించు' అన్నాను. యంత్రము మనిషిని అడుగునప్పుడు 'నమోదు చేయండి' అన్నాను. ఆంగ్లమున లేని ఈ తేడా మన భాషకు ప్రాణము.

కొన్ని నెలలకు నా వాక్యములు స్వీకరింపబడినవి. అబ్బాకు చూపించాను. వారికి తెలుగు చదువు రాదు. అందుచేత భాషను ఉర్దూకు మార్చాను. పుట అంతయు అద్దములో వలె కుడి నుండి ఎడమకు తిరిగినది. వారు ఒక వాక్యమును మెల్లగా చదివారు.

"ఇది ఎవరు వ్రాశారు?"

"తెలియదు అబ్బా."

"జీతం లేకుండానా?"

"ఔను."

అబ్బా మరల కరెంటు బిల్లు మాట ఎత్తలేదు.

మిత్రులారా! ఈ సేవకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. వివరణ పుటలో ఒక తప్పు దిద్దుట, ఒక వాక్యమును మన భాషలోనికి తెచ్చుట చాలును. మనము పేరెరుగని వారు మన కొరకు పని చేసి ఉంచారు. మనము పేరెరుగని వారి కొరకు మనమును కొంత చేయుదుము గాక!