హరిత పర్వతానికి ఒక పాత వాహనం

భూమిలో సంచరించి సృష్టి వైచిత్రిని, గతించిన జాతుల జాడలను చూసి యోచించమని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల మనకు ఉద్బోధిస్తుంది. బ్రతుకుతెరువు కోసం ఒమన్ వచ్చిన మా వంటి కుటుంబాలకు ఈ సంచారం ఒకవైపు సులభం, మరొకవైపు కష్టం. నగరాల మధ్య రహదారులు విశాలంగా, నున్నగా ఉంటాయి. కానీ చూడదగినవి చాలావరకు ఆ రహదారి ముగిసిన చోటనే మొదలవుతాయి. రుస్తాఖ్ నుంచి కొండల నడుమ సాగే వాదీ బనీ ఔఫ్ రాళ్ల బాట, బిదియా ఊరి చివరి నుంచి కనుచూపు మేర పరచుకున్న షర్ఖియా ఇసుక తిన్నెలు, నిజ్వా సమీపాన ఆకాశంలోకి లేచిన జబల్ అఖ్దర్, అనగా హరిత పర్వతం, ఇవేవీ మామూలు కారుకు అందవు.

జబల్ అఖ్దర్ విషయంలో ఇది చట్టం కూడా. కొండ పాదాన ఉన్న బిర్కతుల్ మౌజ్ దాటగానే పోలీసు తనిఖీ కేంద్రం వస్తుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ లేని వాహనాన్ని అక్కడి నుంచే వెనక్కి పంపివేస్తారు. పైకి వేసిన రోడ్డు చక్కని తారురోడ్డే. అయినా వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పిన వాహనాలు ఆగడానికి దారి పొడవునా గులకరాళ్లతో నింపిన ఎగువ బాటలు ప్రత్యేకంగా నిర్మించారు.

మాకు ఇటువంటి వాహనం అవసరమైనది అబ్బా, అమ్మీ కడప నుంచి విజిట్ వీసాపై వచ్చిన ఏడాది. పిల్లలు ముగ్గురితో కలిపి మేము ఏడుగురం. అమ్మీకి మోకాళ్ల నొప్పులు. ఎత్తైన వాహనంలోకి ఎక్కడం ఆమెకు దుర్లభం. ప్రతి ప్రయాణానికీ అద్దె చెల్లించడం మా జీతానికి భారం. అందుచేత పాత వాహనమొకటి కొనడానికి నిశ్చయించాము.

విలాసమా, అవసరమా?

లగ్జరీ వాహనమనగానే ఇంట్లో చర్చ మొదలైంది. దుబారాకు పాల్పడేవారిని అల్లాహ్ ఇష్టపడడని తెలిసినవారమై ఇటువంటిది కొనవచ్చునా? అబ్బా దీనిని తూచి చూశారు. వాహనాన్ని చూసి పొరుగువారు ఏమనుకుంటారన్నది మన లెక్కలో చేరితే అది దుబారా. అమ్మీ మోకాళ్లు, పిల్లల క్షేమం, మన చేతిలోని సొమ్ము, ఈ మూడే లెక్కలో ఉంటే అది అవసరం, అన్నారు. ఆ కొలతతో వెదకడం మాకు సులువైంది. తోలు సీట్లు, చెక్క నగిషీ, చల్లని పెట్టె వంటివి ప్రక్కన పెట్టాము. చాసిస్ బలం, తక్కువ వేగపు గేర్లు, ఏడుగురికీ సీటు బెల్టులు, ఎక్కడానికి వీలు, మారుమూల ఊరిలోనూ దొరికే విడిభాగాలు, ఈ ఐదింటినీ చూశాము.

గల్ఫ్ ఎడారుల్లో టొయోటా ల్యాండ్ క్రూజర్, నిస్సాన్ పెట్రోల్ రాజ్యమేలుతున్నది ఇందుకే. చిన్న ఊరి మెకానిక్‌కు సైతం వాటి అంగాంగమూ తెలుసు. ల్యాండ్ క్రూజర్ 100 శ్రేణికి తోబుట్టువు లెక్సస్ ఎల్‌ఎక్స్ 470. ఇది 1998 నుంచి 2007 వరకు తయారైంది. రెండింటి చాసిస్ ఒకటే. నాలుగు చక్రాలకూ ఎల్లవేళలా శక్తి అందుతుంది. ఇసుకలోనో బండరాళ్లలోనో చిక్కినప్పుడు నడిమి డిఫరెన్షియల్‌ను బిగించే వీలుంది. 4.7 లీటర్ల వి-8 పెట్రోల్ ఇంజను దీర్ఘాయువుకు పేరుపొందింది. మా కుటుంబానికి కలిసివచ్చిన విశేషం మరొకటి: ఎల్‌ఎక్స్ 470లో ఒక మీట నొక్కితే వాహనం ద్రవపీడనంతో కిందికి దిగుతుంది, రాళ్ల దారిలో మరల పైకి లేస్తుంది. పరులకు ఆడంబరంగా కనిపించే ఆ ఏర్పాటు అమ్మీకి మెట్టు దించినట్లయింది.

అయితే పాత లగ్జరీ వాహనంలో భయపడవలసినదీ అదే. గాలితోనో ద్రవంతోనో పనిచేసే సస్పెన్షన్ ఏ కంపెనీదైనా వయసు మీరితే కారడం, కుంగడం సహజం. బాగుచేయించే ఖర్చు ఒక్కోసారి వాహనపు విలువలో పెద్ద భాగాన్ని మింగివేస్తుంది. ఎల్‌ఎక్స్ 470ను పరీక్షించడానికి ఒక సులభ మార్గముంది. వాహనాన్ని బాగా దించి ఒకసారి, బాగా పైకి లేపి మరొకసారి ద్రవపు డబ్బాలో మట్టం చూడాలి. రెండు మట్టాల నడుమ తేడా బాగా ఉంటే చక్రాల వద్దనున్న పీడన గోళాలు ఆరోగ్యంగా ఉన్నట్లు. తేడా మరీ స్వల్పమైతే వాటిని మార్చే రోజు దగ్గర పడినట్లు.

కార్పెట్ కింద బురద

ఒమన్‌లో పాత వాహనం కొనేవారు వయసు, కిలోమీటర్లతో పాటు నీటి సంగతి తప్పక విచారించాలి. 2007 జూన్‌లో గోనూ తుఫాను మస్కట్‌ను ముంచింది. 2021 అక్టోబరులో షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని ముంచింది. 2024 ఏప్రిల్‌లో కురిసిన కుండపోత ఒమన్‌నూ ఎమిరేట్స్‌నూ అతలాకుతలం చేసింది. ఇటువంటి వరదల్లో మునిగిన వాహనాలు కొన్ని శుభ్రపడి, సుగంధం పూసుకుని మరల అమ్మకానికి వస్తాయి. అమెరికాలో ప్రమాదానికో వరదకో గురై ఓడలపై ఇక్కడికి చేరేవీ ఉన్నాయి. మీటరు మైళ్లలో ఉండటం వాటికి ఒక గుర్తు. గల్ఫ్ వేడికి తగినట్లు తయారైన వాహనాన్నే ఎన్నుకోవడం మేలు.

మేము చూసిన మొదటి వాహనం తళతళ మెరుస్తున్నది. ధర కూడా తక్కువే. అమ్మకందారు దానికి ఏ లోపమూ లేదని ప్రమాణపూర్వకంగా చెప్పాడు. మాతో వచ్చిన మలయాళీ మెకానిక్ సోదరుడు మారుమాటాడక వెనుక సీటు వద్ద కార్పెట్ అంచు ఎత్తి లోపలికి చేయి పెట్టాడు. వేళ్లకు సన్నని ఒండ్రు అంటుకుంది. తరువాత సీటు బెల్టును చివరిదాకా లాగాడు. లోపలి భాగాన నీరు నిలిచిన గీత స్పష్టంగా కనిపించింది. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి.

ఆ క్షణాన మా అందరికీ ఒకే హదీసు స్ఫురించింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పోనివ్వగా లోపల తడి తగిలిందనీ, వాన కురిసిందని వర్తకుడు చెప్పగా, తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించారనీ, మోసగించేవానితో తమకు సంబంధం లేదని హెచ్చరించారనీ ముస్లిం గ్రంథంలో ఉన్నది. బజారు మారింది, సరుకు మారింది. తడిని దాచే బుద్ధి మారలేదు. పిల్లలు కార్పెట్ కింది బురదను, మెకానిక్ వేళ్లను మార్చి మార్చి చూశారు. వారికి వేరే బోధ అవసరం లేకపోయింది.

వాహనం చివరకు సమాయిల్ వైపు నివసించే ఒక ఒమనీ పెద్దాయన వద్ద దొరికింది. 2006 నాటిది, 2,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఆయన కహ్వా, ఖర్జూరం ఇచ్చి కూర్చోబెట్టి, ధర అడగకమునుపే లోపాలు చెప్పనారంభించాడు. వెనుక ఎడమవైపు గోళం బలహీనపడింది, వెనుక ఏసీ సరిగా చల్లబరచదు, ఎడమ తలుపు ఒకసారి సొట్టపడితే బాగుచేయించాను, అన్నాడు. 1,50,000 కిలోమీటర్ల వద్ద టైమింగ్ బెల్ట్ మార్పించిన రశీదు తీసి చూపించాడు. ఈ బెల్టును అన్ని కిలోమీటర్లకొకసారి మార్చక తప్పదు. నడిదారిలో తెగితే వాహనం అక్కడే నిలిచిపోతుంది. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, లోపం వెల్లడిస్తే వారి బేరంలో శుభం కలుగుతుందన్న ప్రవక్త (స) బోధ ఆ ముంగిట కళ్లకు కట్టింది. గోళం మార్చడానికయ్యే ఖర్చును ఆయనే ధరలో తగ్గించాడు. ఒమన్‌లో 2013 నుంచి ఇస్లామీ బ్యాంకులు పనిచేస్తున్నాయి. వస్తువును తాము కొని, తమ లాభం ముందే తెలిపి, వాయిదాలపై అమ్మే మురాబహా పద్ధతి వాటిలో ఉన్నది. మాది పాత వాహనం గనుక పొదుపు సొమ్ముతోనే సరిపెట్టుకున్నాము. పోలీసు పరీక్ష, బీమా పూర్తయి ముల్కియా మా పేరుకు మారింది.

కొండ మీద గులాబీలు

టైర్లు నాలుగూ మార్పించిన తరువాతనే ప్రయాణం పెట్టుకున్నాము. టైరు ప్రక్కన ముద్రించిన చివరి నాలుగంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారం. చూపుకు కొత్తగా ఉన్నా ఈ ఎండలకు రబ్బరు లోలోపల పగులుతుంది. ఐదేళ్లు దాటిన టైరును నమ్మి కుటుంబాన్ని మారుమూలకు తీసుకుపోరాదు.

ఏప్రిల్ మొదటి వారంలో మస్కట్ నుంచి నిజ్వా దారి పట్టాము. దారిలో సమాయిల్ లోయ వస్తుంది. ఒమన్ వాసుల్లో తొలుత ఇస్లాం స్వీకరించినవారిగా చరిత్ర చెప్పే మాజిన్ బిన్ గదూబా (రజి) ఈ ఊరివారే. ఖర్జూరపు తోటల నడుమనున్న మసీదులో జుహర్ నమాజుకు ఆగాము. ప్రయాణీకులకు రెండు రకాతుల వెసులుబాటు ఉన్నా, స్థానిక ఇమామ్ వెనుక నిలిచినందున నాలుగూ పూర్తి చేశాము. చేతులు జారవిడిచి నిలబడిన ఇబాదీ సోదరుల ప్రక్కన చేతులు కట్టుకుని మేము నిలబడ్డాము. భుజం భుజానికి తగిలింది; ఎవరూ ఎవరినీ వింతగా చూడలేదు.

బిర్కతుల్ మౌజ్‌లో అరటి, ఖర్జూరపు తోటలకు నీరందించే ఫలజుల్ ఖత్మైన్ కాలువ ఉంది. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చిన ఐదు ఒమనీ కాలువలలో ఇది ఒకటి. యంత్రం లేకుండా, కేవలం వాలు ఆధారంగా నీరు ఊరి చేరుతుంది, వంతులవారీగా పంచుకుంటారు. మా రాయలసీమలో చెరువు నీటికి వంతులు కట్టిన రోజులు అబ్బాకు గుర్తుకువచ్చాయి. కాలువ గట్టున కూర్చుని ఆ సంగతులే పిల్లలకు చెప్పారు.

తనిఖీ కేంద్రంలో పోలీసు ముల్కియా చూసి, దిగేటప్పుడు చిన్న గేరులో దిగమని మృదువుగా హెచ్చరించాడు. సుమారు 2,000 మీటర్ల ఎత్తునున్న సైఖ్ పీఠభూమి చేరగానే గాలి చల్లబడింది. అల్ ఐన్, అల్ అఖర్, అష్షురైజా గ్రామాల్లో మెట్లు మెట్లుగా చెక్కిన తోటల్లో గులాబీలు పూసే కాలమది. తెల్లవారుజామున పూలు కోసి, మట్టి పొయ్యిల్లో అమర్చిన కుండల్లో రేకులు వేసి మరగబెడతారు. పైన చన్నీటి పాత్ర ఉంచితే ఆవిరి చల్లబడి లోపలి రాగి గిన్నెలోకి చుక్క చుక్కగా దిగుతుంది. పొగ వాసన కలిసిన ఆ పన్నీరుకు ఒక ప్రత్యేకమైన రుచి. అమ్మీ వాహనం దిగి, కర్ర సాయంతో తోట అంచుదాకా తానే నడిచి వెళ్లి, కిందికి దిగిపోతున్న ఆ పచ్చని మెట్లను చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. "సుబ్‌హానల్లాహ్, రాతి మీద పూలు పూయించాడు" అన్నది.

బయలుదేరే ముందు

తరువాతి నెలల్లో షర్ఖియా ఇసుక తిన్నెలకూ వెళ్లాము. ఆ అనుభవంతో పాఠక కుటుంబాలకు చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. ఇసుకలో దిగేముందు టైర్ల గాలిని 35 నుంచి 15–18 పీఎస్‌ఐకి తగ్గించాలి. టైరు వెడల్పై ఇసుకపై తేలుతుంది. తారురోడ్డు ఎక్కేముందు గాలి తిరిగి నింపే చిన్న పంపు వెంట ఉండాలి. ఒంటరి వాహనంతో తిన్నెల లోపలికి పోరాదు. టో తాడు, పార, అవసరానికి రెండింతల తాగునీరు పెట్టుకోవాలి. మా వాహనం రోడ్డుపై లీటరుకు 6 కిలోమీటర్లు ఇస్తే ఇసుకలో అందులో సగమే ఇచ్చింది. 96 లీటర్ల ట్యాంకు చూసి ధీమా పడరాదు. వెళ్లే చోటు, తిరిగివచ్చే వేళ ఇంటి వద్ద ఒకరికైనా తెలియాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది నీటి సంగతి. ఎండిన వాదీలో ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో కొండల్లో కురిసిన వాన నిమిషాల్లో వరదై వస్తుంది. 2019లో వాదీ బనీ ఖాలిద్‌లో ఒక భారతీయ కుటుంబంలోని పలువురు ఇలాగే కొట్టుకుపోయారు. పారుతున్న వాదీని దాటడం ఇక్కడ చట్టరీత్యా నేరం. అంత బరువైన వాహనాన్ని సైతం మోకాలి లోతు ఉరవడి ప్రక్కకు నెట్టివేయగలదు. మేఘం కనిపిస్తే వాదీలోకి దిగకూడదు. దిగి ఉంటే వెంటనే మెరక చేరాలి. నాలుగు చక్రాల శక్తిని చూసుకుని కలిగే ధైర్యం చాలా ప్రమాదకరం.

వాహనం ఎక్కగానే పఠించే దుఆలో, దీనిని మాకు లోబరిచినవాడు పరిశుద్ధుడు, మా అంతట మేము దీనిని లొంగదీసుకోగలవారము కాము అన్న భావమున్నది. మేము మా ప్రభువు వైపుకే మరలేవారమన్న మాటతో అది ముగుస్తుంది. ఇంజను ఎంత బలమైనదైనా ఈ రెండు సంగతులను మరువని చేతిలోనే అది కుటుంబానికి రక్షణ. తాళం తిప్పేముందు మా ఇంట ఆ దుఆను ఇప్పుడు పిల్లలే గట్టిగా చదువుతారు. పెద్దలం వెంట పలుకుతాము.